ఆడపిల్లకు ఖాకీ కొలువా అంటే...

ఇంట్లో ఆడపిల్ల టీచరు ఉద్యోగం చేస్తానంటే మనమంతా సంతోషిస్తాం. బ్యాంకు ఉద్యోగమంటే ఇంకా సంతోషం. సాఫ్ట్‌వేర్ అంటే చుట్టాలందరికీ మనమే ఫోన్లు చేసి మరీ చెప్పుకుంటాం. అదే పిల్ల ‘అమ్మా, నేను పోలీసు సెలక్షన్స్‌కి పోతా’ అంటే? మీ ఇంట్లో ఏమంటారో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో మాత్రం పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. అందరూ నా మొహం వైపే చూశారు, ఆ మాట నేనే నేర్పించినట్టు!

మాది భద్రాచలం దగ్గర, గోదావరి ఒడ్డు ఊరు. మా వారికి కిరాణా కొట్టు. నేను ఇంటర్ దాకా చదివి పెళ్లి చేసుకుని వచ్చినదాన్ని. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడినా, అడవి శాఖలో బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ పడినా వదలనంటుంది. పోలీసైనా జంగ్లాతైనా మా అత్తగారికి ఒకటే. ‘అన్నీ ఖాకీ గుడ్డలే, అన్నీ గండాలే. ఊళ్లో వేరే కొలువులే కరువయ్యాయా?’ అని ఆవిడ ప్రశ్న.

ఆవిడ అలా అనడంలో తప్పు పట్టడానికి లేదు. ఈ అడవి అంచున పుట్టి పెరిగిన వాళ్లెవరైనా అలాగే అంటారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పుట్టింటి వైపు ఊళ్లలో రాత్రి పూట అన్నలు వచ్చేవాళ్లు, పగటి పూట పోలీసులు వచ్చేవాళ్లు. రాత్రి వచ్చినవాళ్లు అన్నం అడిగితే పెట్టకపోతే భయం. పెడితే పొద్దున వచ్చినవాళ్లు ‘ఎవరికి పెట్టావు, ఎంతమందికి పెట్టావు’ అని అడుగుతారని భయం. 1992లో అప్పటి ప్రభుత్వం పీపుల్స్‌వార్‌ను నిషేధించాక ఆ అడగడాలు ఇంకా ఎక్కువయ్యాయి. మా అమ్మ ఎసట్లో గిద్దెడు బియ్యం ఎక్కువ పోయాలన్నా తలుపు వైపు చూసుకుని పోసేది. పోలీసు ఇంట్లో పిల్లను ఇవ్వాలన్నా, పోలీసు ఇంటి పిల్లను తెచ్చుకోవాలన్నా జనం జంకేవాళ్లు. ఆ రోజుల్లో మా వైపు కానిస్టేబుళ్లు సొంత ఊరికి మఫ్టీలో వచ్చి, తెల్లవారకముందే వెళ్లిపోయేవాళ్లు.

ఇప్పుడు ఆ రోజులు లేవు. మా ఊరి రోడ్డు మీద రాత్రి పది గంటలకు కూడా బస్సులు తిరుగుతున్నాయి. అయినా భయం అనేది రోడ్డు వేసినంత తొందరగా పోదు కదండీ.

దానికి తోడు 2022 నవంబర్ 22న మా జిల్లాలోనే ఒక ఘోరం జరిగింది. మీరూ పేపర్లో చదివే ఉంటారు. చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారిని కొడవళ్లతో నరికి చంపారు. అడవి శాఖ నాటిన మొక్కల్లో పశువులు మేస్తున్నాయని తెలిసి, అడ్డుకోవడానికి వెళ్లారాయన. చేతిలో ఆయుధం లేదు. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ఇద్దరూ గుత్తికోయలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకు తట్టుకోలేక, పిల్లాజెల్లాతో ఇటు పారిపోయి వచ్చి పోడు కొట్టుకుని బతుకుతున్న జనం గుత్తికోయలు. అడవిని కాపాడమని ప్రభుత్వం పంపిన మనిషి ఒకవైపు, ఆ అడవి తప్ప వేరే ఆధారం లేని మనుషులు ఒకవైపు. చివరికి ఒక ఇంటి దీపం ఆరిపోయింది, రెండు ఇళ్ల మగవాళ్లు జైలుకు పోయారు. ఆ వార్త చూసిన రోజు మా ఇంట్లో అన్నం ఎవరికీ సయించలేదు.

‘చూశావా, మగవాడికే దిక్కు లేదు. ఆడపిల్లను పంపుతానంటావా?’ అన్నారు మా అత్తగారు. అంతకు మూడేళ్ల ముందు, 2019 జూన్ 30న, కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ ఆఫీసర్ అనిత గారిని ట్రాక్టర్ మీద ఉండగానే కర్రలతో కొట్టిన సంగతి కూడా ఆవిడకు గుర్తే. టీవీలో ఆ దృశ్యం చూడని వాళ్లు మా వీధిలో లేరు.

నేను వెంటనే ఏమీ అనలేదు. అవునని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ నాకు ఆ ఉద్యోగం గురించి తెలిసింది ఎంతని? సినిమాల్లో చూసిందే. అందుకని ముందు తెలుసుకుందామనుకున్నాను. మా ఇంటి పై వాటాలో ఒక కోయ అమ్మాయి అద్దెకుంటుంది. మహిళా కానిస్టేబుల్. ముప్పై ఏళ్లుంటాయి. ఒక్క బాబు. భర్త ప్రైవేటు స్కూల్లో పని చేస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కేటప్పుడు ‘అక్కా, కొంచెం పెరుగు తోడుందా’ అని అడుగుతుంది. ఒక ఆదివారం ఆవిడకు సెలవు దొరికితే, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని అన్నీ అడిగాను.

‘అక్కా, లాఠీ పట్టుకునేది నెలలో నాలుగు రోజులు కూడా ఉండదు. పెన్ను పట్టుకునేది మాత్రం రోజూ ఉంటది’ అంది. ఆవిడ చెప్పినవి వింటుంటే నాకే ఆశ్చర్యం వేసింది. స్టేషన్‌కు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే రిసెప్షన్ పని. ఫిర్యాదు రాసుకోవడం, కంప్యూటర్లో ఎక్కించడం. సమన్లు ఇచ్చి రావడం. ఆడ ముద్దాయిలుంటే కోర్టుకు, ఆసుపత్రికి వెంట తీసుకుపోవడం. కోర్టు వాయిదాలకు సాక్షులను గుర్తు చేసి పిలిపించడం. జాతరలకు, తిరునాళ్లకు బందోబస్తు. ‘బందోబస్తులో కష్టమేంటో తెలుసా అక్కా? ఎండ కాదు, వాన కాదు. బాత్‌రూమ్. పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగకుండా నిలబడే ఆడపిల్లలున్నారు’ అంది. ఈ ఒక్క మాట ఏ నోటిఫికేషన్‌లోనూ రాసి ఉండదు. మనలాంటి వాళ్లం అడిగితేనే బయటికి వస్తుంది.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఒకసారి లోపలి గూడెం నుంచి ఒక కోయ స్త్రీ స్టేషన్‌కు వచ్చిందట. పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎవరు ఏమడిగినా మాట్లాడదు. తెలుగు కొంచెం వచ్చు గానీ నోరు పెగలదు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లిన మా పై వాటా అమ్మాయి పక్కన కూర్చుని కోయలో ‘ఏమైనా తిన్నావా’ అని అడిగిందట. అంతే, ఆవిడ ఏడవడం మొదలుపెట్టి, మొగుడు కొట్టిన దెబ్బలు కొంగు తీసి చూపించింది. పొద్దున్నుంచీ ఆ గదిలో మనుషులు లేక కాదు, తన మాట అర్థమయ్యే ఆడమనిషి లేక ఆమె నోరు విప్పలేదు.

అక్కడే నాకు ఈ ఉద్యోగం సంగతి కొంత అర్థమైంది. పోలీసు అంటే మనకు కనిపించేది తుపాకీ, జీపు. కానీ ఏ కేసైనా నిలబడేది ముందు విన్న చెవి మీద, రాసిన కాగితం మీద. అక్కడ తప్పు జరిగితే పైన ఎంత పెద్ద జడ్జి కూర్చున్నా ఏం చేయగలడు? మన తెలుగు నేల మీదే దీనికి సాక్ష్యాలున్నాయి. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులే అత్యాచారం చేశారని, ఆమె భర్తను కొట్టి చంపారని ఊరంతా అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో స్టేషన్‌లో ఆడపోలీసు కనిపించడమే అరుదు.

అది పాత కథ అనుకుంటే, 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది గిరిజన స్త్రీలు గాలింపుకు వచ్చిన పోలీసుల మీద ఆరోపణ చేశారు. ఆ కేసు పదిహేనేళ్లు దాటి నడిచింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. నిజం ఏమిటో తేల్చాల్సిన కాగితాలే సరిగా లేకపోతే ఇటు బాధితులకూ న్యాయం జరగదు, అటు నింద మోసిన వాళ్లకూ పూర్తిగా నింద తీరదు. ఈ సంగతి చదివాక, ‘మంచి ఇంటి పిల్లలకు ఆ ఉద్యోగాలెందుకు’ అనే మాట నాకు గొంతు దిగలేదు. మంచి ఇంటి పిల్లలు పోకపోతే మరి అక్కడ ఎవరుండాలి? మనకు ఆపద వస్తే మనం పోవాల్సింది అక్కడికే కదా!

మా భద్రాచలం సంగతి మీకు చెప్తే నవ్వొస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక టౌను తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఊళ్లు ఆంధ్రాలోకి పోయాయి. నడుచుకుంటూ పోతే రాష్ట్రం మారిపోతుంది. అటు ఊళ్లో మెడలో గొలుసు తెంచుకుని ఇటు ఊళ్లోకి పారిపోతే ఏ స్టేషన్‌కు పోవాలి? ఇది మా ఆడవాళ్లందరికీ ఉండే సందేహమే. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే దాని ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి లేదు. దీన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. అక్కడ రాసుకుని, సరైన స్టేషన్‌కు వాళ్లే పంపాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. సాక్ష్యం కోసమని ఆడవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. పొద్దు గూకిన తర్వాత, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి, మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని మాత్రమే చేయాలి.

చూశారా, చట్టంలో అడుగడుగునా ‘మహిళా అధికారి’ అని రాసి ఉంది. చట్టం రాసినంత మాత్రాన మహిళా అధికారి ఆకాశం నుంచి ఊడిపడదు. మన ఇళ్లలోంచే పోవాలి. తెలంగాణలో సివిల్ పోలీసు ఉద్యోగాల్లో ఆడవాళ్లకు మూడో వంతు రిజర్వేషన్ పెట్టింది అందుకే. పై స్థాయిలోనూ ఆడవాళ్లు దారి వేశారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో తొలి మహిళా ఐపీఎస్ అరుణా బహుగుణ గారు 2014లో హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీకి డైరెక్టర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. 1978లో జస్టిస్ అమరేశ్వరి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా జడ్జి అయ్యారు. 2021 జనవరిలో జస్టిస్ హిమా కోహ్లీ గారు తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పై మెట్టు మీద వాళ్లున్నారు సరే, కింద మెట్టు మీద, గూడెం నుంచి వచ్చిన ఆడమనిషి పక్కన కూర్చునే మెట్టు మీద, ఇంకా చాలా మంది కావాలి.

ఇక ఇంటి సంగతికి వద్దాం. పోలీసు ఉద్యోగం ఒక్కరు చేసేది కాదు, ఇల్లంతా చేసేది. ఇది నాకు మా తోడికోడలిని చూశాక తెలిసింది. మా మరిది ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్. వాళ్లింట్లో తలుపు వెనక ఒక బ్యాగు ఎప్పుడూ సర్దే ఉంటుంది. రెండు జతల బట్టలు, సబ్బు, దుప్పటి, కారప్పొడి సీసా. ఫోన్ వస్తే పది నిమిషాల్లో బయల్దేరాలి. భద్రాచలంలో శ్రీరామనవమికి దేశమంతా వచ్చి సీతారాముల కల్యాణం చూస్తుంది. మా మరిది ప్రతి ఏడూ మిథిలా స్టేడియం బందోబస్తులోనే ఉంటాడు, ఒక్కసారీ తలంబ్రాలు చూసింది లేదు, జనం వైపు తిరిగి నిలబడాలి కదా! వాళ్లింట్లో పండగ మర్నాడు చేసుకుంటారు. పానకం, వడపప్పు మర్నాటికి. ‘దేవుడికి తేదీ పట్టింపు లేదక్కా, మనకే’ అంటుంది మా తోడికోడలు.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది దాటి ఇంకో 18 అడుగులు! 1986 ఆగస్టు వరద 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు మా తరం చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మేమంతా మూటలు కట్టుకుని పునరావాస కేంద్రానికి పోయాం. మా మరిది ఊళ్లో వాళ్లను పడవల్లోకి ఎక్కిస్తుంటే, వాళ్లింట్లో సామాను ఎత్తిపెట్టింది మా తోడికోడలు ఒక్కతే. జీతం ఒకరికి, డ్యూటీ ఇద్దరికి అంటే ఇదే. మగవాడు ఈ ఉద్యోగం చేస్తే భార్య ఆ రెండో డ్యూటీ చేస్తోంది. ఆడపిల్ల చేస్తే ఎవరు చేస్తారు? పెళ్లి చూపులకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే అని నాకు గట్టిగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి మంచి ఉద్యోగం, పొలం ఉంది, కట్నం మాట పెద్దగా ఎత్తలేదు. ఒక్కటే షరతు. ‘టీచర్ ట్రైనింగ్ చేయించండి, ఖర్చు మేం పెట్టుకుంటాం. ఈ పోలీసు, అడవి పరీక్షలు మాత్రం మానుకోమనండి. రాత్రిళ్లు డ్యూటీకి పోయే కోడలు మాకొద్దు’ అన్నారు. మా అత్తగారికి కొండంత సంబరం. మా వారు ‘నువ్వేమంటావ్’ అని నా వైపు చూశారు. మంచి సంబంధం మళ్లీ వస్తుందో రాదో, ఉద్యోగం అసలు వస్తుందో రాదో. వేలల్లో పోస్టులు ఉంటే లక్షల్లో రాస్తున్నారు. రెంటికీ చెడితే? కన్నతల్లిని, నాకు మాత్రం నిద్ర పడుతుందా?

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటూ మా అమ్మాయిని మూడు ప్రశ్నలు అడిగాను. మొదటిది, ‘ఖాకీ చొక్కా వేసుకోవాలనా, లోపల చేసే పని చేయాలనా?’ రెండోది, ‘నీ ఊరివాళ్లే పోడు కొట్టుకుంటూ నీకు ఎదురైతే ఏం చేస్తావు?’ మూడోది, ‘ఉద్యోగం రాకపోతే ఏం చేస్తావు?’

పిల్ల కొంచెం సేపు ఆలోచించింది. మొదటి దానికి, ‘పై వాటా అక్క చేసే పని చేయాలని ఉందమ్మా’ అంది. రెండో దానికి, ‘కొట్టను, పారిపోను. పట్టా ఉన్న భూమి ఏది, లేనిది ఏది, కాగితం చూసి చెప్తాను. ఒక్కదాన్నే మాత్రం పోను, నలుగురితో కలిసి పోతాను’ అంది. మూడో దానికి, ‘రెండుసార్లు రాస్తాను. రాకపోతే లా చదువుతాను’ అంది. ఇరవై ఏళ్ల పిల్ల ఇంత లెక్క వేసుకుని ఉంటే, ఎదురుగా కూర్చున్న నేను ఆ లెక్కను చెరిపేయడానికి నాకు మనసు రాలేదు. మా వారు మర్నాడే ఆ సంబంధం వాళ్లకు ఫోన్ చేసి, ‘మా కోసం ఆగొద్దండి, మీ అబ్బాయికి మంచి పిల్ల దొరకాలి’ అని మర్యాదగానే చెప్పారు. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చూస్తే, పిల్ల పరుగుకు వెళ్లొచ్చే వేళకు ఆవిడే రాగిజావ కాచి పెట్టారు. ఒప్పుకున్నానని మాత్రం ఇప్పటికీ అనలేదు!

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే కొన్ని సంగతులు తెలుసుకుని ఉంచండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం చదువు ఇంటర్ పాసై ఉంటే చాలు. ఎస్‌ఐకి డిగ్రీ కావాలి. ఆడపిల్లల ఎత్తు 152.5 సెంటీమీటర్లు. మా ఖమ్మం లాంటి జిల్లాల ఏజెన్సీ గిరిజన ఆడపిల్లలకు 150 ఉంటే సరిపోతుంది. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, నాలుగు కిలోల గుండు నాలుగు మీటర్లు విసరాలి. ముందు ప్రిలిమ్స్, తర్వాత ఈ దేహదారుఢ్య పరీక్షలు, ఆపైన ఫైనల్ రాత పరీక్ష. మూలవేతనం 24,280 రూపాయలతో మొదలు. అడవి శాఖలో 2017లో 1,857 బీట్ ఆఫీసర్ పోస్టులు వేసినప్పుడు, ఆడపిల్లలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలన్నారు. దానికీ ఇంటర్ చదువే. నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కొత్తది వచ్చినప్పుడు ఒకటికి రెండుసార్లు చదవండి. దళారులు ‘ఇన్ని లక్షలిస్తే ఉద్యోగం’ అంటే గుమ్మం ఎక్కనివ్వకండి.

పరుగెత్తే పిల్లకు తిండి మన చేతిలోనే ఉంది. ఖాళీ కడుపుతో పంపకండి. అరటిపండో రెండు ఖర్జూరాలో పెట్టండి. వచ్చాక రాగిజావ, మొలకెత్తిన పెసలు, ఉడికించిన గుడ్డు. సాయంత్రం పల్లీ, బెల్లం ఉండలు. వారానికి నాలుగు రోజులు మునగాకో తోటకూరో పప్పులో వేయండి. నెలసరి రోజుల్లో పరుగు మానేసి మామూలుగా నడిస్తే చాలు. మన పిల్లల్లో రక్తం తక్కువ కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. కొత్త బూట్లు సెలక్షన్ రోజునే వేయనివ్వకండి, పొక్కులొస్తాయి.

పరుగు రాని పిల్లలకు కూడా ఈ రంగంలో చోటుంది. లాసెట్ రాసి లా చదివితే లాయరు, ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావచ్చు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు లాయరుగా పని చేసి ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. సైన్సు చదివిన వాళ్లకు ఫోరెన్సిక్ ల్యాబులున్నాయి. జైళ్లలో మహిళా వార్డర్లుంటారు. కోర్టుల్లో గుమస్తా, టైపిస్టు ఉద్యోగాలుంటాయి. ముద్దాయికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెబితే, దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలని చట్టంలోనే ఉంది. కాబట్టి కోయ, గోండి వచ్చిన పిల్లలు ఏ ఉద్యోగంలో ఉన్నా వాళ్ల మాటకు మా వైపు విలువ ఉంది.

మరి నలభై దాటిన మనమో? మనకూ ఒక పని ఉందండోయ్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటాయి. జీతం కాదు, పని చేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తారు. కోర్టు అంటే భయపడే వాళ్లకు దారి చూపించడం, అర్జీ రాసి పెట్టడం, ఉచిత లాయరు దగ్గరికి తీసుకెళ్లడం ఆ పని. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయరును పెట్టాలని 1987 చట్టం చెబుతోంది. ఈ సంగతి మన వీధిలో ఎంతమందికి తెలుసు? న్యాయ సహాయానికి 15100, ఆపదలో ఉన్న ఆడవాళ్లకు 181, అత్యవసరానికి 112. గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే ఇవీ గోడ మీద రాసిపెట్టుకోండి.

మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందని నేను అనడం లేదు. వస్తే రాత్రిళ్లు నాకు నిద్ర ఉండదని కూడా తెలుసు. బెండాలపాడు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది. అయినా గూడెం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న ఆ కోయ స్త్రీ స్థానంలో రేపు నా కూతురే ఉండొచ్చు, మీ కూతురే ఉండొచ్చు. అప్పుడు పక్కన కూర్చుని ‘ఏమైనా తిన్నావా’ అని అడగడానికి ఒకమ్మాయి ఉండాలి కదా. ఆ అమ్మాయిని కన్న తల్లి కూడా ఒకరోజు ఇలాగే భయపడి, అయినా సరేనని ఉంటుంది. మీ పిల్ల అడిగితే వెంటనే కాదనకండి. ముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు విన్నాక మీకే తెలుస్తుంది.